పొగగొట్టమున పోవు వేడిమి

మన పల్లెటూళ్లలో గ్యాసు పొయ్యిలు రాకపూర్వము వంటయింట పెద్దపొయ్యి ప్రక్కనే చిన్నపొయ్యి యొకటి ఉండెడిది. దానికి వేరుగా కట్టెలు పెట్టు నోరు లేదు. పెద్దపొయ్యిలో అన్నపు కుండ క్రింద మండిన మంటయే మట్టిగోడలోని రంధ్రము గుండా ఈవలికి వచ్చి, దానిపై నుంచిన పాలనో పప్పునో కాచెడిది. దానిని కోడిపొయ్యి అందురు. మా అమ్మమ్మ భౌతికశాస్త్రము చదివినది కాదు. అయినను ఒక్క మంటతో రెండు కుండలు దింపవచ్చునని ఆమెకు తెలియును. రెండవ కుండకు అన్నము ఉడుకదనియు, పాలు కాగిన చాలుననియు కూడ తెలియును. ఈ రెండవ సంగతి ముందు ముందు మనకు పనికివచ్చును.

ఆవిరియంత్రము పుట్టిన తరువాత దానికొక కోడిపొయ్యి కట్టుటకు యూరపు అమెరికాల ఇంజనీర్లకు దాదాపు రెండు వందల సంవత్సరములు పట్టినది. తెలియక జరిగిన ఆలస్యము కొంత, తెలిసియు అక్కర లేక జరిగిన ఆలస్యము కొంత. రెండవదే ఎక్కువయని నా అభిప్రాయము. చదువరులు కథ విని నిర్ణయింతురు గాక.

1712లో ఇంగ్లండునందు డడ్లీ కోట సమీపమున ఒక బొగ్గుగని వద్ద థామస్ న్యూకొమెన్ అను ఇనుప సామానుల వర్తకుడు ఒక యంత్రమును నిలిపెను. సిలిండరులోనికి ఆవిరిని పంపుట, వెంటనే లోపల చన్నీరు చిమ్ముట, ఆవిరి నీరై శూన్యమేర్పడగా బయటి గాలి బరువు పిస్టనును క్రిందికి నొక్కుట, ఆ నొక్కుడుకు దూలపు ఆవలి కొసనున్న పంపు గనిలోని నీటిని తోడుట – ఇంతే దాని పని. బొగ్గులోని వేడిమిలో నూటికి ఒక పాలు కూడ పనిగా మారెడిది కాదు. తక్కినదంతయు పొగగొట్టమునను, చన్నీటి కాలువలోను పోయెడిది. దీనికి ఎవరును విచారింపలేదు. గని ముఖముననే అమ్ముడుపోని పొడిబొగ్గు గుట్టలుగా పడియుండగా పొదుపు చేయుమని ఎవరు చెప్పుదురు?

1763-64 శీతకాలమున గ్లాస్గో విశ్వవిద్యాలయమున పరికరములు బాగుచేయుచుండిన జేమ్సు వాట్ చేతికి ఈ యంత్రపు చిన్న నమూనా యొకటి బాగుచేతకై వచ్చెను. అది కొన్ని ఊపులు ఊగి, ఆవిరి చాలక ఆగిపోవుచుండెను. వాట్ నమూనాను బాగుచేసి పంపివేయక, ఆవిరి ఎచటికి పోవుచున్నదని లెక్క తీయ మొదలుపెట్టెను. నీరు ఆవిరియై తిరిగి చన్నీటిలో కలిసినప్పుడు తన బరువునకు ఆరు రెట్ల నీటిని మరుగు స్థితికి తేగలదని కనుగొని ఆశ్చర్యపడెను. అదే విశ్వవిద్యాలయపు ఆచార్యుడు జోసఫ్ బ్లాక్ దీనికి కారణము చెప్పెను: ఆవిరిలో గుప్తోష్ణమున్నది. అంత వేడిమిని మోసుకొని వచ్చిన ఆవిరి, ప్రతి ఊపునకును చల్లబడిన సిలిండరు గోడలను తిరిగి వేడిచేయుటకే ఖర్చగుచున్నది. 1765లో ఒక ఆదివారము నాడు నగరపు పచ్చికబయలున నడచుచుండగా ఉపాయము తోచినదని వాట్ వృద్ధాప్యమున చెప్పుకొనెను. సిలిండరును ఎల్లప్పుడు వేడిగా ఉంచవలెను. ఆవిరిని వేరొక పాత్రలోనికి కొనిపోయి అచట చల్లార్పవలెను. ఆ వేరు పాత్రయే కండెన్సరు. 1769లో దానికి పేటెంటు లభించెను.

ఈ యంత్రమునకు మొదట నిజమైన గిరాకి బొగ్గుగనుల వద్ద కలుగలేదు; కారన్‌వాల్ ప్రాంతపు రాగి, తగరపు గనుల వద్ద కలిగెను. కారన్‌వాల్‌లో బొగ్గు లేదు. వేల్సు దేశమునుండి ఓడలపై రావలెను. బౌల్టను-వాట్ కంపెనీవారు అచట అవలంబించిన పద్ధతి ఆడిటు శాఖలో పనిచేసిన నా బోటి వారికి మిక్కిలి ముచ్చట గొలుపును. యంత్రపు వెల వారికి ముఖ్యము కాదు. అంతే పనికి పాత యంత్రము ఎంత బొగ్గు కాల్చెడిదో, క్రొత్తది ఎంత కాల్చుచున్నదో లెక్కకట్టి, మిగిలిన బొగ్గు వెలలో మూడవ వంతును ఏటేట పుచ్చుకొనుచుండిరి. లెక్క మారకుండ, ఊపులను గణించు పరికరము నొకదానిని పెట్టెలో పెట్టి తాళము వేసిరి. గనుల యజమానులు గొణిగిరి. కొందరు చెల్లింపు మానిరి. వ్యవహారము కోర్టుల కెక్కెను. 1800లో పేటెంటు గడువు తీరువరకు ఈ వసూలు సాగినది. పారవేయబడని వేడిమికి వెలకట్టి అమ్మిన మొదటి వర్తకులు వీరే అనవచ్చును.

అయితే వాట్ చేసినది వృథాను అరికట్టుటయే కాని, వృథాగా పోవుదానిని తిరిగి పట్టుట కాదు. కండెన్సరులో ఆవిరి విడిచిన గుప్తోష్ణమంతయు చన్నీటితో పాటు కాలువలోనికే పోయెను. దానినేల పట్టకూడదు? ఈ ప్రశ్నకు సమాధానము 1824లో వచ్చినది. సాది కార్నో అను ఫ్రెంచి ఇంజనీరు, ఇరువది యెనిమిదేండ్ల యువకుడు, అగ్నియొక్క చోదకశక్తిని గూర్చి ఒక చిన్న పుస్తకము వ్రాసెను. వేడిమి పనిచేయుట జలపాతము పనిచేయుట వంటిదని అతడు చెప్పెను. ఎంత నీరున్నదని కాదు, ఎంత ఎత్తునుండి ఎంత పల్లమునకు పడుచున్నదని చూడవలెను. గోదావరి డెల్టా కాలువలలో నీరు కొల్లలుగా నున్నది. కాని లాకుల వద్ద దప్ప చక్రము త్రిప్పుటకు తగిన ఎత్తు లేదు. కండెన్సరు నీటి వేడిమి అట్టిదే. రాశి మిక్కిలి హెచ్చు, ఎత్తు మిక్కిలి తక్కువ. కార్నో పుస్తకమును ఆ కాలమున పట్టించుకొన్నవారు అరుదు. 1832లో కలరా సోకి అతడు ముప్పదియారవ ఏట మరణించెను. అతని మాటలలోని సారమును క్లాపెరాన్, కెల్విన్, క్లాసియస్ ప్రభృతులు తరువాత వెలికి తీసిరి.

కార్నో సూత్రమును అంకెలలో పెట్టి చూతము. 550 డిగ్రీల సెంటీగ్రేడు ఆవిరితో మొదలిడి 35 డిగ్రీలవద్ద వదలు యంత్రము, ఏ రాపిడియు ఏ లోపమును లేకున్నను, నూటికి 63 పాళ్లకు మించి పని చేయజాలదు. 1300 డిగ్రీలవద్ద మొదలిడినచో 80 పాళ్లవరకు హద్దు పెరుగును. కనుక వేడిమిని పైమెట్టున పట్టవలెను, క్రిందిమెట్టున వదలవలెను, నడుమ ఒక్క మెట్టును జారవిడువరాదు. చెప్పుటకు సులభమే. కాని ఒకే యంత్రము అంత పైనుండి అంత క్రిందికి దిగలేదు. ఇద్దరు కావలెను: ఒకడు పైమెట్లు దిగి, మిగిలినది రెండవవాని చేతికి ఈయవలెను.

విద్వాంసులు ఈ సిద్ధాంతమును తేల్చుకొనుచుండగనే కర్మాగారములలో చేతిపనివారు తమకు తోచిన దారిని పోవుచుండిరి. 1828లో జేమ్సు బోమాంట్ నీల్సన్ అను గ్లాస్గో వాసి ఇనుప కొలిమిలోనికి చల్లని గాలికి బదులు వేడిగాలిని ఊదవలెనని పేటెంటు తీసికొనెను. కొలిమి యజమానులు నవ్విరి. చలికాలమున కొలిమి బాగుగ పనిచేయునని వారి అనుభవము. కావున గాలి ఎంత చల్లనైన అంత మేలని వారి నమ్మకము. చలిగాలిలో తేమ తక్కువగుటయే అసలు కారణమని వారెరుగరు. క్లైడ్ ఇనుప కర్మాగారమున 1829లో టన్ను ఇనుమునకు 8 టన్నుల బొగ్గు పట్టినది; వేడిగాలి పెట్టిన పిమ్మట 1830లో 5 టన్నులకు కొంచెము హెచ్చు; గాలిని మరింత వేడిచేసి పచ్చిబొగ్గునే వాడిన 1833లో 2 టన్నులకు కొంచెము హెచ్చు. ఇంత చూచియు, గాలిని వేడిచేయుటకు మొదట వేరుగా బొగ్గు కాల్చిరేగాని, కొలిమి నెత్తిన రాత్రింబవళ్లు మండుచున్న మంటను వాడుకొనలేదు! ఆ మంటను క్రిందికి దించి వాడుకొనుట తరువాతి దశాబ్దములలో గాని అలవాటు కాలేదు. 1857లో ఎడ్వర్డు కౌపర్ పేటెంటు తీసికొన్న ఇటుక స్టౌవులు ఆ వాయువుతో కాగి, గాలికి ఆ వేడిమిని అప్పగించునవి. వాటి వంశమువే నేటి ఉక్కు కర్మాగారములయందును నిలువెత్తున కానవచ్చును. అట్లే 1845లో వేక్‌ఫీల్డు పట్టణపు ఎడ్వర్డు గ్రీన్ బాయిలరు పొగదారిలో గొట్టములను నిలిపి, పోవు పొగతో బాయిలరులోనికి వచ్చు నీటిని కాచెను. ఎకనమైజరు అను ఆ పరికరము మసి పట్టి మూసుకొనిపోకుండ గీకుచుండుటయే దానిలోని పెద్ద చిక్కు.

ఇక విద్యుత్తు మాట. పందొమ్మిదవ శతాబ్దాంతమున చార్లెస్ పార్సన్సు ఆవిరి టర్బైనును నిర్మించెను. పిస్టను యంత్రము అధిక పీడనము గల ఆవిరిని చక్కగా వాడుకొనును. కాని పీడనము తగ్గి ఆవిరి ఉబ్బినకొలది దానికి సిలిండరు చాలదు. టర్బైనుకు అట్టి ఉబ్బిన ఆవిరియే మిక్కిలి అనుకూలము. అనగా కోడిపొయ్యికి తగిన కుండ దొరికినది. ఫ్రాన్సులో ఆగస్టు రాటో 1902లో బ్రూయే గనులవద్ద ఈ పని చేసి చూపెను. గనిలోనికి తొట్లను దించి ఎత్తు యంత్రము ఆగుచు సాగుచు వదలు ఆవిరిని ఒక పాత్రలో నిలవచేసి, దానితో అల్పపీడన టర్బైనును త్రిప్పి విద్యుత్తు తీసెను.

ఓడల కథ ఇంకను రసవత్తరము. వైట్‌స్టార్ కంపెనీవారు 1909లో రెండు సోదర నౌకలను దించిరి: లారెంటిక్, మెగాంటిక్. రెంటికిని ఒకే అచ్చు. మెగాంటిక్‌కు పిస్టను యంత్రములు మాత్రమే ఉండెను. లారెంటిక్‌కు పిస్టను యంత్రములు విడిచిన ఆవిరితో తిరుగు టర్బైను అదనము. లారెంటిక్ బొగ్గును పొదుపుగా వాడినది. ఆ పరీక్ష ఫలితముగనే ఒలింపిక్, టైటానిక్ నౌకలకు అట్టి ఏర్పాటు చేసిరి. టైటానిక్ పేరు వినని వారుండరు. కాని దాని నడిమి చక్రము వృథా ఆవిరితో తిరిగినదని ఎందరికి తెలియును? ప్రక్క చక్రములను త్రిప్పు రెండు పిస్టను యంత్రములకు ఒక్కొక్కదానికి సుమారు 15,000 అశ్వశక్తి. అవి వాడి వదలిన, వాతావరణ పీడనముకంటె తక్కువ పీడనము గల ఆవిరిని త్రాగి, నడిమి టర్బైను 16,000 అశ్వశక్తి నిచ్చెడిది. ఉచ్ఛిష్టము తినినవాడే అందరికంటె బలవంతుడైనాడు. ఆ టర్బైనుకు వెనుకకు తిరుగు శక్తి మాత్రము లేదు. సోదర నౌక ఒలింపిక్ ఈ ఏర్పాటుతోనే 1935 వరకు ప్రయాణికులను చేరవేసినది.

ఇంచుమించు అదే సమయమున న్యూయార్కు భూగర్భ రైళ్లకు విద్యుత్తు నిచ్చు 59వ వీధి కేంద్రమున హెన్రీ స్టాట్ అను ఇంజనీరు 7,500 కిలోవాట్ల పెద్ద పిస్టను యంత్రములకు అల్పపీడన టర్బైనులను జోడించెను. కేంద్రపు సామర్థ్యము దాదాపు రెట్టింపయినది. క్రొత్త బాయిలరు లేదు, క్రొత్త పొగగొట్టము లేదు.

ఈ జోడింపు చిరకాలము నిలువలేదు. టర్బైను తానే అధికపీడనపు పనిని కూడ నేర్చుకొని పిస్టను యంత్రమును వెడలగొట్టెను. అప్పుడు పైమెట్టున మరల చోటు ఖాళీ అయినది. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీకి చెందిన విలియం ఎమ్మెట్ ఆ చోట పాదరసమును కూర్చుండబెట్టెను. పాదరసము సాధారణ పీడనమున 357 డిగ్రీలవద్ద మరుగును. కనుక పీడనము పెంచకయే అధికమైన వేడిమిని అందుకొనవచ్చును. పాదరసపు ఆవిరి మొదటి టర్బైనును త్రిప్పును. అది చల్లారునప్పుడు విడిచిన వేడిమితో నీరు మరిగి రెండవ టర్బైనును త్రిప్పును. 1928లో అమెరికాలోని హార్టుఫర్డు నగరమున 10,000 కిలోవాట్ల పాదరస యంత్రము పనిచేయుచుండెను. మన రసవాదులు పాదరసమును బంగారము చేయజూచిరి. ఎమ్మెట్ దానిని విద్యుత్తు చేసెను. కాని పాదరసము వెల హెచ్చు, దాని ఆవిరి విషము. మేలైన ఉక్కు దొరకి నీటి ఆవిరినే మరింత వేడిచేయుట సాధ్యమైన పిమ్మట ఈ ప్రయత్నము అంతరించినది.

చివరకు పైమెట్టునకు తగినవాడు వాయు టర్బైను. 1939లో స్విట్జర్లాండులోని న్యూషాటెల్ నగరమున బ్రౌన్ బొవేరి కంపెనీవారు విద్యుదుత్పాదనకై దానిని నిలిపిరి. టర్బైను శక్తి 15,400 కిలోవాట్లు. అందులో 11,400 కిలోవాట్లు గాలిని నొక్కు కంప్రెసరే మ్రింగివేయగా బయటకు వచ్చినది 4,000 మాత్రమే. సామర్థ్యము నూటికి 17.4. అవసరమైనప్పుడు మాత్రమే నడుపు కేంద్రము గనుక పోవు వేడిమిని గూర్చి ఎవరును తొందరపడలేదు. మనము మొదట చెప్పుకొన్న గుట్టల బొగ్గు కథయే మరల జరిగినది. 1949లో ఓక్లహోమా రాష్ట్రపు బెల్ ఐల్ కేంద్రమున 3,500 కిలోవాట్ల వాయు టర్బైను వదలు వేడిగాలితో ప్రక్కనున్న 35,000 కిలోవాట్ల ఆవిరి యంత్రపు నీటిని కాచిరి. ఇచట కోడిపొయ్యి పెద్ద, పెద్దపొయ్యి చిన్న. అయినను దారి తెరచుకొన్నది. వాయు టర్బైను లోపల మంట వేడిమిని తాళు లోహములు వచ్చినకొలది బయటకు పోవు గాలి వేడిమియు 500, 600 డిగ్రీలకు పెరిగినది. అది మంచి ఆవిరికి చాలును. ఈ జంటచక్ర పద్ధతితో 2011లో జర్మనీలోని ఇర్షింగు కేంద్రము నూటికి 60 పాళ్ల హద్దును దాటెను. 2016లో ఫ్రాన్సులోని బూషాన్ 62 పాళ్లను దాటెను. న్యూకొమెన్ యంత్రపు ఒక్క పాలు చాలని స్థితినుండి ఇంతవరకు.

మన దేశమునకు వత్తము. ఢిల్లీలో ఉద్యోగము చేసిన మనవారికి యమున ఒడ్డున రింగురోడ్డు ప్రక్కనున్న ఇంద్రప్రస్థ వాయు టర్బైను కేంద్రము చూచినదే. 1985-86లో అచట ఒక్కొక్కటి 30 మెగావాట్ల టర్బైనులు ఆరింటిని నిలిపిరి. సాయంకాలపు రద్దీ వేళలకు అక్కరకు వచ్చునని వాటిని తెచ్చిరి. ద్రవ ఇంధనముతో నడిపిరి. ఆ వేడిగాలి దాదాపు పదేండ్లు ఆకాశమున కలిసినది. 1995-96లో దానిని పట్టు బాయిలర్లను, 30 మెగావాట్ల ఆవిరి టర్బైనులు మూడింటిని చేర్చిరి. 180 మెగావాట్లు 270 అయినవి. అదనపు 90 మెగావాట్లకు అదనముగ కాల్చిన ఇంధనము లేదు. ఆ పదేండ్ల లెక్కను తలచి కోపపడుట సులభము. కాని దినమునకు కొన్ని గంటలే తిరుగు యంత్రమునకు అంత వెలగల బాయిలరు పెట్టుట ఆనాడు ఏ ఆర్థిక సలహాదారుడును ఒప్పుకొనడని ఫైళ్ల మధ్య జీవించిన మనకు తెలియనిది కాదు. 2002-03లో దాని ప్రక్కన నిర్మించిన 330 మెగావాట్ల ప్రగతి కేంద్రమున ఆవిరి టర్బైను మొదటినుండియు ఉండెను. మొత్తములో మూడవ వంతుకు మించి అదియే ఇచ్చునట్లు ఏర్పరచిరి.

తెలుగునేలపై ఈ విద్యకు రెండు చోట్లు ముఖ్యములు. ఒకటి విశాఖ ఉక్కు కర్మాగారము. ఇతర కర్మాగారములలో చాలవరకు, కోకు బట్టీనుండి దాదాపు వేయి డిగ్రీల వేడితో ఎర్రగా బయటపడు కోకుపై నీరు గుమ్మరింతురు. తెల్లని ఆవిరి మేఘము లేచిపోవును. వేడిమియంతయు దానితో సరి. విశాఖలో సోవియటు సహకారముతో వేరు పద్ధతిని తెచ్చిరి. మూసిన గదిలో కోకుపై నత్రజనిని త్రిప్పుదురు. ఆ నత్రజని వేడెక్కి బాయిలరులో ఆవిరి పుట్టించును. ఆ ఆవిరి టర్బైను త్రిప్పును. ఈ పద్ధతిని విస్తృతముగ వాడుకలోనికి తెచ్చినది సోవియటు దేశమే. జపానువారు సైతము 1970ల దశాబ్దమున అచటినుండియే కొనితెచ్చుకొనిరి. 1990లో వెలిగించిన గోదావరి అను మొదటి బ్లాస్టు ఫర్నేసునకు నెత్తినుండి వచ్చు వాయువుయొక్క పీడనముతో తిరుగు టర్బైనును కూడ అమర్చిరి. తరువాత జపాను సహకారముతో, సింటరు చల్లార్చు గాలినుండి వేడిమిని తీసి 20.6 మెగావాట్ల కేంద్రమును నిర్మించిరి. నీల్సన్ నాటి కొలిమి యజమానులు దీనిని చూచిన నమ్మియుండరు.

రెండవది గోదావరీతీరము. విజ్జేశ్వరమున, జేగురుపాడున, కాకినాడలో 1990ల దశాబ్దమున కట్టిన వాయు విద్యుత్కేంద్రములన్నియు జంటచక్రములే. ఆ ప్రాంతపు ప్రజలకు వాయువనిన మరియొక జ్ఞాపకమును కలదు. 1995 జనవరి 8న కోనసీమలోని పాశర్లపూడి వద్ద బావి బద్దలై, లేచిన మంట 65 దినములు ఆరలేదు. కొబ్బరితోటలు మాడినవి, చుట్టుప్రక్కల వారు ఊళ్లు విడిచిరి. ఆ మంట చివరకు ఆరునాటికి, దానికి అనతిదూరమున ఇంజనీర్లు వాయువులోని ఒక్కొక్క డిగ్రీని పట్టు బాయిలర్లను బిగించుచుండిరి.

2009లో కృష్ణా-గోదావరి సముద్రగర్భమునుండి డి-6 బావుల వాయువు రాసాగెను. దానిపై ఆశతో మరికొన్ని కేంద్రములు లేచినవి. ఆశించినంత వాయువు రాలేదు. 2010 తరువాత తరిగి, 2013 నాటికి విద్యుత్కేంద్రముల వంతు దాదాపు శూన్యమైనది. నూటికి ఏబది పాళ్లవరకు వేడిమిని పనిగా మార్చగల యంత్రములు గోదావరి గట్టున తాళము వేసి ఉండగా, ముప్పదియైదు పాళ్లు మార్చు బొగ్గు కేంద్రములతో మనము దీపములు వెలిగించుకొంటిమి. కోడిపొయ్యి చెక్కుచెదరలేదు, పెద్దపొయ్యిలో మంట లేదు. 2015లో కేంద్రప్రభుత్వము విదేశపు ద్రవీకృత వాయువును వేలము పద్ధతిని, కొంత సహాయధనముతో, ఇట్టి కేంద్రములకు ఇప్పించు పథకము నొకదానిని పెట్టెను. కొన్ని కేంద్రములు మరల కొంతకాలము తిరిగినవి. ఆ పథకము 2017తో ముగిసినది.